పేరు ఒకటే, చిత్తవృత్తి వేరు

రాయపూర్‌కు ఉత్తరాన, బిలాస్‌పూర్ మార్గంలో ఉన్న ధర్సీవా ప్రాంతపు పలుకుబడి ఛత్తీస్‌గఢీ. ఆ భాషలో ‘మయా’ అంటే ప్రేమ, ఆప్యాయత. తెలుగువారికి ‘మాయ’ అంటే భ్రాంతి, కపటం. వసుబంధుని అభిధర్మకోశంలో ‘మాయా’ ఉపక్లేశాలలో ఒకటి. ఎదుటివారిని వంచించే చిత్తవృత్తికి అది పేరు. వినడానికి దాదాపు ఒకటిగా ఉన్న మాట ఒకచోట పెంచుకోవలసిన భావాన్ని, మరొకచోట విడువవలసిన దోషాన్ని సూచిస్తున్నది. మానవ భావాలను వాటి పేర్లను బట్టి వర్గీకరించబూనిన వారికి ఎదురయ్యే చిక్కు ఇదే.

ధర్సీవా ప్రాచీన దక్షిణ కోసలంలోని భాగం. క్రీ.శ. 7వ శతాబ్దిలో కోసలాన్ని దర్శించిన హుయాన్‌త్సాంగ్, శాతవాహన రాజు ఆదరణలో నాగార్జునుడు అక్కడ నివసించినట్లు రాశాడు. ఆయన చూసిన రాజధాని మహానది తీరంలోని సిర్పూరేనా అన్న చర్చ ఇంకా సాగుతున్నది. అక్కడి విహారాలు 1950ల తవ్వకాలలో వెలుగు చూశాయి. కోసలం నుండి ఆ యాత్రికుడు ఆంధ్రదేశానికి, ధాన్యకటకానికి వచ్చి, అక్కడి భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మాన్ని అభ్యసించాడు. కనుక నాగార్జునుని స్మృతి కోసలానికీ ఆంధ్రానికీ ఉమ్మడి వారసత్వం.

ఒక శాతవాహన రాజును ఉద్దేశించినదిగా సంప్రదాయం చెప్పే నాగార్జునుని ‘రత్నావళి’ ఐదవ పరిచ్ఛేదంలో, విడువవలసిన 57 దోషాల పట్టిక ఉన్నది. అది కేవలం పేర్ల జాబితా కాదు; ప్రతి పేరుకూ నిర్వచనం జతపడి ఉన్నది. క్రోధం చిత్తక్షోభ, అది కొనసాగితే ఉపనాహం. మాత్సర్యం త్యాగానికి జంకడం. ఇక మానం ఏడు విధాలు. తన జీవితం వ్యర్థమని తన్ను తాను కించపరచుకోవడం కూడా వాటిలో ఒకటి. నేటి పాఠకుడు దీనిని ఆత్మన్యూనత అని, గర్వానికి ఎదురుగా నిలుపుతాడు. నాగార్జునుడు రెంటినీ ఒకే వర్గంలో చేర్చాడు. రెండింటిలోనూ కొలతబద్ద ‘నేను’ అన్నదే కదా. పేరును మాత్రమే చూచి వర్గీకరిస్తే ఈ బంధుత్వం కంటబడదు.

సర్వాస్తివాదులు చైతసికాలను 46గా, థేరవాదులు 52గా లెక్కించారు. ఈ పట్టికలలో నేడు మనం ‘భావోద్వేగాలు’ అనేవాటికి ప్రత్యేక విభాగం లేదు. క్రోధం పక్కనే స్మృతి, మనసికారం వంటివి కూడా చైతసికాలే. అక్కడి విభజనకు ఆధారం ప్రధానంగా రెండు ప్రశ్నలు: ఆ ధర్మం ఏ చిత్తంతో కలిసి పుడుతుంది? అది కుశలమా, అకుశలమా? కోపం, భయం, దుఃఖం వంటి ఆరు ప్రాథమిక భావాలను ముఖకవళికల ద్వారా గుర్తించిన పాల్ ఎక్మన్ వర్గీకరణకూ దీనికీ పునాదులే వేరు. రెంటినీ పక్కపక్కన పెట్టి పేర్లు సరిపోల్చడం వల్ల ప్రయోజనం స్వల్పం.

తెలుగులో ఈ చిక్కు మరింత సూక్ష్మమైనది. అభిధర్మ పదాలలో చాలావరకు తత్సమాలుగా మన వాడుకలో ఉన్నాయి. అందువల్లనే అవి మనకు తెలిసినవే అనిపిస్తాయి. కాని ‘వేదన’ మనకు బాధ. అభిధర్మంలో సుఖ, దుఃఖ, తటస్థానుభూతులు మూడూ వేదనలే. ‘విచారం’ మనకు దిగులు. అక్కడ ఆలంబనాన్ని సూక్ష్మంగా పరిశీలించే చిత్తవ్యాపారం. ‘మానం’ మనకు కాపాడుకోవలసిన గౌరవం. అక్కడ తొలగించవలసిన అహంభావం. అరిషడ్వర్గంలోని ‘మాత్సర్యం’ అసూయ. నాగార్జునునికి అది లోభిగుణం. అన్నింటికంటె ప్రమాదకరమైనది ‘ఉపేక్ష’. తప్పును ఉపేక్షించరాదని మనం అంటాము. అభిధర్మకోశం చిత్తసమత్వమైన ఉపేక్షను కుశలధర్మాలలో చేర్చింది. ఉపేక్షను అలవరచుకొమ్మని వివరణ లేకుండా విన్న నూతన భిక్షువు, కరుణకు విరుద్ధమైన నిర్లక్ష్యాన్నే సాధన అనుకొనే అవకాశం ఉన్నది.

మరోవైపు, దేశిపదాలు కొన్నిచోట్ల తత్సమాలకంటె ఖచ్చితంగా పలుకుతాయి. ఉపనాహానికి ‘పగ’ చక్కగా సరిపోతుంది. ఈర్ష్యకు ‘ఓర్వలేనితనం’, మాత్సర్యానికి ‘పిసినారితనం’ నిర్వచనంతో సహా అందుతాయి. హ్రీ, అపత్రాప్యాలలో మొదటిది తనను చూచుకొని కలిగే లజ్జ, రెండవది లోకనింద వల్ల కలిగే సంకోచం అని ఒక వివరణ. మన జంటపదం ‘సిగ్గూఎగ్గూ’ దీనికి ఎంతో సమీపమైనది. ఎగ్గు అంటే నింద, అవమానం.

తవ్వకంలో దొరికిన పాత్రను దాని ఆకారంతోపాటు అది దొరికిన పొరను బట్టి కాలనిర్ణయం చేస్తాము. పొర తెలియని పాత్ర అందంగా ఉండవచ్చు గాని, సాక్ష్యంగా బలహీనం. నిర్వచనం లేని భావనామం కూడా అంతే. అభిధర్మాన్ని తెలుగులోకి తెచ్చేవారు, ప్రదర్శనశాలలలో వివరణ ఫలకాలు రాసేవారు, ధ్యానం బోధించే భిక్షువులు మూడు నియమాలు పాటించడం మేలు. సరైన దేశిపదం ఉన్నచోట దానిని వాడాలి. అర్థం మారిన తత్సమం అనివార్యమైతే, మొదటి ప్రస్తావనలోనే నిర్వచనం ఇవ్వాలి. ఏ తెలుగుమాటా చాలనప్పుడు మూలపదాన్నే నిలుపుకోవాలి. ప్రజ్ఞ వంటి పదాలను అనువదించక ఉంచడమే ఉచితమన్న నియమాన్ని చైనా సంప్రదాయం హుయాన్‌త్సాంగ్‌కే ఆపాదిస్తున్నది.

విడువవలసినదేదో, పెంచుకోవలసినదేదో తెలియజేయడానికే పూర్వాచార్యులు ఈ పట్టికలు కూర్చారు. ఆ రెండూ తారుమారు కాకుండా చూడడం అనువాదకుని మొదటి బాధ్యత.