పులిగడ్డ చీలిక లాంటిదే గ్రబ్

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లైనక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లకు పవర్ బటన్ నొక్కగానే అలాంటి చీలికే ఎదురవుతుంది. నల్ల తెర మీద నాలుగైదు తెల్లటి వరుసలు కనిపిస్తాయి, ఎటు పోతావో చెప్పమంటాయి. ఆ తెర పేరు గ్రబ్.

పోయిన వేసవిలో గుడివాడలో మా మేనల్లుడు తన పాత ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "మావయ్యా, 'గ్రబ్ రెస్క్యూ' అని ఆగిపోతోంది. ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నారు షాపులో. నా ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది" అన్నాడు. ఏం చేశావురా అని అడిగితే, విండోస్‌లో ఖాళీగా పడి ఉన్న డ్రైవు ఒకటి తీసేశానన్నాడు. అసలు సంగతి అక్కడే ఉంది. అది అర్థం కావాలంటే నలభై ఏళ్లు వెనక్కి పోవాలి.

1983లో పీసీ డాస్ 2.0 వచ్చినప్పుడు హార్డ్‌డిస్కు మొదటి సెక్టారుకు ఒక అమరిక కుదిరింది. మొత్తం 512 బైట్లు. పార్టిషన్ల పట్టికకు 64, చివరి గుర్తుకు 2 పోతే, కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాముకు దక్కింది 446 బైట్లే. యూటీఎఫ్-8లో తెలుగు రాస్తే ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు 3 బైట్లు కావాలి. ఆ లెక్కన ఈ పేరా కూడా అందులో పట్టదు. అందుకే అక్కడ ఉండేది చిన్న ముక్క. మిగతా పెద్ద ముక్కను వెతికి తేవడమే దాని పని.

లైనక్స్ తొలినాళ్లలో ఈ పని 'లైలో' అనే బూట్‌లోడర్ చేసేది. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ డిస్కులో ఏ చోట ఉందో ముందే రాసిపెట్టుకునేది. కెర్నల్ మారిన ప్రతిసారీ లైలోను మళ్లీ నడపాలి. మరిచిపోతే మిషన్ లేవదు.

1995లో ఎరిక్ బోలిన్ గ్నూ హర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను బూట్ చేయాలని కూర్చున్నాడు. ఉన్న బూట్‌లోడర్లకు తోకలు తగిలించడం కుదరక సొంతంగా రాసుకున్నాడు. భౌతికశాస్త్రంలోని మహా ఏకీకృత సిద్ధాంతం పేరును గుర్తుచేసేలా 'గ్రాండ్ యూనిఫైడ్ బూట్‌లోడర్' అన్నాడు. దాని గొప్పతనమంతా ఒక్క మాటలో ఉంది: అది ఫైల్‌సిస్టమ్‌ను చదవగలదు. ఫైలు పేరు చెబితే చాలు, వెతికి తెస్తుంది. 1999లో గోర్డన్ మాట్జిక్‌కైట్, యోషినోరి ఒకుజి దాన్ని గ్నూ ప్రాజెక్టులోకి తెచ్చారు. 2002లో ఒకుజి 'పూపా' పేరుతో మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టాడు. అదే గ్రబ్ 2గా ఎదిగి, 2012లో 2.00 వెర్షన్‌గా వచ్చింది.

ఇక మావాడి సంగతి. లైనక్స్ ఉన్నది ఆరో పార్టిషన్‌లో. ముందున్న ఐదోదాన్ని తీసేసరికి ఆరోది ఐదైంది. వీధిలో ఇంటి నంబర్లు మార్చేశారు, పోస్ట్‌మ్యాన్ లాంటి గ్రబ్ దగ్గర పాత చిరునామాయే ఉంది. ఉత్తరం పోలేదు, ఇల్లూ కూలలేదు. ఆ రెస్క్యూ తెర మీదే 'ఎల్ఎస్' కమాండ్ కొట్టి ఉన్న పార్టిషన్లు ఒక్కొక్కటీ తెరిచి చూశాం. ఐదోదాంట్లో 'బూట్', దాని లోపల 'గ్రబ్' ఫోల్డర్ కనిపించాయి. 'సెట్ ప్రిఫిక్స్'తో కొత్త చిరునామా ఇచ్చి, 'ఇన్స్‌మాడ్ నార్మల్', ఆపైన 'నార్మల్' అనగానే మెనూ తిరిగొచ్చింది. లైనక్స్‌లోకి వెళ్లి గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక కుదురుకుంది. ప్రాజెక్టు ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

కొత్త ల్యాప్‌టాప్‌లలో యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి వచ్చాక ఆ 446 బైట్ల ఇరుకు పోయింది కానీ, కొత్త తగువులు వచ్చాయి. అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి విండోస్ వరుసలో ముందుకొచ్చి కూర్చుంటుంది. అప్పుడు బూట్ ఆర్డర్ సరిచేస్తే చాలు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్‌తో, సెక్యూర్ బూట్ ఉన్న కొన్ని డ్యూయల్ బూట్ మిషన్లలో లైనక్స్ అసలు లేవనే లేదు.

బందరులోనో, అవనిగడ్డలోనో, గుడివాడలోనో చదువుకుంటున్న పిల్లలకు నా మనవి ఒక్కటే. లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి సంచిలో ఉంచుకోండి. విండోస్ డ్రైవుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎవరైనా ఫార్మాట్ కొడతామంటే, ముందు ఆ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి మీ ఫైళ్లు చూసుకోండి.