ఏకత్వ త్రిత్వ వాదములు – పురసవాక్కము ప్రార్థనాలయము

అంబత్తూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో హిందువులును కలరు, క్రైస్తవులును కలరు. ఉగాదినాడు ఒకే పందిరి క్రింద కూర్చుండి పచ్చడి పంచుకొందుము గాని, మతవిషయము వచ్చినంతనే నొచ్చుకొందురేమో యని మాట మార్చుదుము. అందుచేత ఒకరి మతమును గూర్చి మరియొకరికి తెలిసినది స్వల్పము. క్రైస్తవులందరును ఏసును దేవుడనియే కొలుతురని మనలో పెక్కుమంది తలంపు. ఏసు దేవుడు పంపిన మహాపురుషుడే గాని దేవుడు కాడని నమ్మి, తామును క్రైస్తవులమేయని చెప్పుకొన్నవారు కలరు. అట్టివారి ప్రార్థనాలయము మనకు కొద్ది మైళ్ల దూరమున పురసవాక్కములోనే యున్నది. దాని చరిత్ర యెరుగుట మన కందరకును మేలని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

వివాదము బహు ప్రాచీనము. నాలుగవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమందు ఆరియసు అను గురువు, కుమారుడు తండ్రిచే సృజింపబడినవాడే గాని తండ్రితో సమానుడు కాడని బోధించెను. క్రీ. శ. 325లో నైసియాలో కూడిన సభ ఆ మతమును ఖండించి, తండ్రి కుమారులు ఏకతత్త్వము గలవారని నిర్ణయించెను. 381లో కాన్‌స్టాంటినోపిల్ సభ పరిశుద్ధాత్మను గూర్చిన విశ్వాసమును విశదపరచెను. ఇదియే త్రిత్వ సిద్ధాంతము.

ఇచ్చట తెలుగువారికొక భ్రాంతి కలుగవచ్చును. త్రిత్వమనగానే మనకు త్రిమూర్తులు స్ఫురింతురు. అది సరికాదు. సృష్టి స్థితి లయములను ముగ్గురు పంచుకొన్నట్లు త్రిత్వవాదులు చెప్పరు. దేవుడొక్కడే, ఆ ఒక్క తత్త్వమునందే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ యని మూడు వ్యక్తిత్వములున్నవని వారి మతము. దేవుడే స్వయముగా దిగివచ్చి మానవుని బాధ పంచుకొననియెడల రక్షణ యెట్లు సిద్ధించునని వారి ప్రశ్న. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు.

ఏకత్వవాదుల ప్రశ్నయు అట్టిదే. ఏసు తాను తండ్రికి ప్రార్థన చేసెను గదా, తండ్రి తనకంటె గొప్పవాడనెను గదా, ప్రార్థించువాడును ప్రార్థన విను వాడును ఒక్కడెట్లగునని వారందురు. త్రిత్వమను పదము బైబిలులో లేదనియు చూపుదురు. ఏసు బోధను అనుసరించుటయే క్రైస్తవము గాని, ఆయనను ఆరాధించుట కాదని వారి సారాంశము.

ఇట్లు పలికినవారు ఐరోపాలో పడిన పాట్లు చిన్నవి కావు. 1553లో మైకేల్ సెర్వెటసును జెనీవాలో సజీవముగా దహించిరి. ఇంగ్లండులో థియోఫిలస్ లిండ్సే యనువాడు 1774లో లండనునగరమున ఏకత్వవాదుల ఆలయమును తెరచెను. ప్రాణవాయువును కనిపెట్టినవారిలో నొకడైన జోసెఫ్ ప్రీస్ట్లీ ఆ మతమును ప్రచారము చేసెను. ఆయన మతము, రాజకీయాభిప్రాయములు గిట్టని జనులు 1791లో బర్మింగ్‌హాములోని ఆయన యింటిని తగులబెట్టిరి. త్రిత్వమును కాదనుట శిక్షార్హమను చట్టము ఆ దేశమున 1813లో గాని తొలగలేదు.

ఈ లిండ్సే ప్రీస్ట్లీల గ్రంథములు మన చెన్నపురి వాసి యొకని చేతికి వచ్చినవి. ఆయన తిరువేంగడమను తమిళుడు. ఆంగ్లేయుల కొలువులో సేవకుడై సముద్రము దాటి ఇంగ్లండు వెళ్లెను. క్రైస్తవుడై విలియం రాబర్ట్స్ అను పేరు పొందెను. తిరిగివచ్చి 1795లో చెన్నపట్టణమున ఏకత్వ క్రైస్తవ సంఘమును స్థాపించెను. 1813లో పురసవాక్కమున దానికొక ప్రార్థనాలయము వెలసెను. సీమలో చట్టము తొలగిన సంవత్సరమును అదియే యగుట గమనింపదగినది. ఆయన ప్రార్థనలను తమిళమున సమకూర్చెను, లండనులోని థామస్ బెల్షాము అను ఏకత్వవాద గురువుతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపెను. దొరలు పంపిన మిషను కాదు అది. ఒక సేవకుడు తాను చదివి, తాను ఆలోచించి, తన భాషలో నిలిపిన సంఘము.

కొద్దికాలమునకే కలకత్తాలోను ఈ చర్చ రేగెను. రాజా రామమోహనరాయలు 1820లో ఏసు నీతిబోధలను మాత్రమే ఏర్చి ఒక గ్రంథముగా ప్రకటించెను. మహిమలను, సిద్ధాంతములను విడిచిపెట్టుట సరికాదని శ్రీరామపురపు మిషనరీ జాషువా మార్ష్‌మన్ ఆక్షేపించెను. రాయలు 1823 వరకు మూడు విజ్ఞప్తులు వ్రాసి ప్రత్యుత్తరమిచ్చెను. మూడవదానిని అచ్చువేయుటకు బాప్టిస్టుల ముద్రణాలయము నిరాకరింపగా, తానే ఒక ముద్రణాలయమును నెలకొల్పెను.

ఆ నడుమనే మరియొక విచిత్రము జరిగెను. విలియం ఆడం అను బాప్టిస్టు మిషనరీ రాయలతో కలిసి సువార్తలను వంగభాషలోనికి మార్చుచుండెను. యోహాను సువార్త మొదట, సమస్తమును వాక్యమువలన కలిగెనని చెప్పుచోట ఏ విభక్తి వాడవలెనను సమస్య వచ్చెను. వాక్యము 'చేత' కలిగెననిన వాక్యమే సృష్టికర్త యగును. వాక్యము 'ద్వారా' కలిగెననిన కర్త వేరొకడై, వాక్యము సాధనమగును. ఆడం రెండవదానివైపు మొగ్గి, తుదకు 1821లో తానే ఏకత్వవాదియయ్యెను. ఆదాము రెండవమారు పతితుడయ్యెనని పూర్వ మిత్రులు పరిహసించిరి. దస్తావేజులో ఒక్క ప్రత్యయము మారిన హక్కుదారు మారునని కచేరీలలో పనిచేసిన మావంటివారికి తెలియును. మతముల సంగతియు అట్లే యున్నది.

మన తెలుగు బైబిలులో ఆ చోట వాడబడిన మాట 'మూలముగా'. మూలమనగా ఆదికారణమనియు అర్థము కలదు. ఒకరి మూలముగా జరిగెననిన వారి ద్వారా జరిగెననియు అర్థము కలదు. ఉభయ వాదులును తమ తమ అర్థమును చెప్పుకొనుటకు ఆ యొక్క తెలుగు మాటలో చోటున్నది.

అయినను తెలుగు క్రైస్తవులలో మిక్కిలి పెద్ద భాగము త్రిత్వమునే అవలంబించెను. దానికి వాదబలమొక్కటే కారణము కాదు. పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలు త్రిత్వ విశ్వాసమును తెలుగు రాగములలో ఇంటింటికి చేర్చినవి. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, చెన్నపురివరకు వచ్చు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. కరవు తీరినపిదప, 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మందికి తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమున బాప్తిస్మము జరిగెను. పాట, పని, పాఠశాల గల మతము పెరిగెను. పురసవాక్కపు సంఘమునకు అట్టి బలగము లేదు.

కాని ఏకేశ్వర భావము మన వారియొద్దకు మరియొక త్రోవను వచ్చెను. ఆడం నడిపిన ఏకత్వవాద ఆరాధనలు కలకత్తాలో క్షీణింపగా, రాయలు 1828లో బ్రహ్మసభను స్థాపించెను. ఆ సంప్రదాయమువాడైన కేశవచంద్రసేనుడు 1864లో చెన్నపురికి వచ్చెను. ఆ యేటనే ఇచ్చట వేదసమాజము పుట్టెను. దానిని దక్షిణ హిందూదేశ బ్రహ్మసమాజముగా మలచిన శ్రీధరులు నాయుడుగారు బ్రహ్మధర్మ గ్రంథములను తమిళమునకును తెలుగునకును తెచ్చిరి. 1878లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు ప్రార్థన సమాజమును నెలకొల్పిరి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివిన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు మతము మార్చుకొనలేదు. ఏసునందు గౌరవమును విడువనులేదు. బ్రహ్మసమాజీకులైన వారు 1925లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. ఏసును గౌరవించుటకు ఆయనను దేవుడని యొప్పుకొనవలెనా యను ప్రశ్నకు వారి జీవితము ఒక తెలుగు సమాధానము.

రాబర్ట్స్ 1838లో మరణించెను. ఆయన సంఘము నేటికిని పురసవాక్కమున నిలిచియున్నది. క్రైస్తవులు ఈ రాజ్యమున అల్పసంఖ్యాకులు. వారిలో ఏకత్వవాదులు మరియు అల్పులు. అయినను వారు తమ విశ్వాసమును, తమ భాషలోని ప్రార్థనను విడువలేదు. పరభాషా ప్రాంతమున తెలుగును నిలుపుకొనుటకు శ్రమించు మనకు ఇందలి కష్టమును వేరుగా చెప్పనక్కరలేదు. కావున పాఠక మహాశయులు తీరిక దొరికినప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని అంబత్తూరులో రైలెక్కి పెరంబూరున దిగి, పురసవాక్కమునకు పోయి ఆ ప్రార్థనాలయమును చూచి రావలెనని మా మనవి. త్రిత్వమును నమ్మువారైనను, ఏకత్వమును నమ్మువారైనను, రెంటికిని దూరమైనవారైనను, సేవకుడొకడు సంఘమును నిర్మించిన ఆ చోటును చూచి సంతసింపగలరు.