శాసనసభలో సర్దారు గౌతు లచ్చన్నగారు

గీతవృత్తి వారి సభ యెచ్చట జరిగినను వేదికపై ఒక పటము తప్పక యుండును. అది సర్దారు గౌతు లచ్చన్నగారి పటము. దానికి పూలమాల వేయుటయందు మనవారెన్నడును లోభము చూపలేదు. కాని ఆ మహనీయులు ఎవరి యోట్లతో గెలిచిరో, గెలిచి యేమి చేసిరో, దేనికొరకు పదవిని విడిచిరో అడిగినచో చెప్పగలవారు మన యువకులలో నానాటికి తగ్గిపోవుచున్నారు. అందుచే ఈ సంచికకొరకు వారి జీవితచరిత్రము నంతయు గాక, ఎన్నికలకును శాసనసభకును సంబంధించిన భాగమును మాత్రమే వ్రాయ నుద్దేశించితిమి. గుణకీర్తనము ఇదివరకే కావలసినంత జరిగియున్నది.

లచ్చన్నగారు 1909వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన బారువ గ్రామమున, కల్లుగీతయే జీవనాధారముగా గల కుటుంబమున జన్మించిరి. తండ్రి చిట్టయ్యగారు, తల్లి రాజమ్మగారు. సముద్రపు టొడ్డున నున్న ఆ గ్రామము అప్పుడు గంజాము జిల్లాలోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్రము వేరుపడినప్పుడు ఆ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడగా అందులోనిదైనది. 1930 నాటి ఉప్పుసత్యాగ్రహము మొదలు 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమము వరకు ఆయన జాతీయోద్యమమున నుండి పలుమారులు చెరసాల కేగిరి. ఇదంతయు మనవా రెరిగినదే.

మనవారు అంతగా తలపనిది ఒకటి కలదు. సోంపేట ప్రాంతమున గీతవృత్తివారు అధికసంఖ్యాకులు కారు. కాళింగులు మున్నగు వ్యవసాయదారులును, తీరమున మత్స్యకారులును ఉన్న సీమ యది. అచ్చట కేవలము స్వకులము వారి యోట్లను నమ్ముకొని నిలిచినవాడు గెలుచుట కల్ల. లచ్చన్నగారు గెలుచుటకు కారణము ఎన్నికలకు పూర్వమే కలదు. ఆచార్య రంగాగారు నిడుబ్రోలులో నడపిన రైతు విద్యాలయమును, ఆయన సాగించిన రైతూద్యమమును ఉత్తరాంధ్రమున జమీందారీ గ్రామములను కదలించినవి. 1940 మార్చిలో అఖిల భారత కిసాను మహాసభ పలాసలో జరిగినది. ఆ దినములలోనే మందసా జమీందారీ రైతులు అడవి హక్కులకొరకు తిరుగబడిరి. ఏప్రిల్ 1వ తేదీన గుడారి రాజమణిపురమున జరిగిన పోలీసు కాల్పులలో గున్నమ్మయను రైతుస్త్రీ ప్రాణము లర్పించినది. ఆమెను నేటికిని వీరగున్నమ్మయని ఆ సీమవారు కొలుచుచున్నారు. ఈ రైతూద్యమమున లచ్చన్నగారు ముందు నిలిచినవారు. తాటిచెట్టెక్కు వారి బిడ్డ దున్నువారి పక్షమున నిలిచెను గనుక, దున్నువారు తరువాత ఆయనకు ఓటు వేసిరి. వీరి యోట్ల ఋణము మనకును కొంత కలదని మా యభిప్రాయము.

1948లో వారు మదరాసు శాసనసభలో ప్రవేశించిరి. అప్పటి యెన్నికలకు ఆధారము 1935వ సంవత్సరపు చట్టము. ఆస్తియో, పన్నో, చదువో కలవారికే ఓటు. మోకు, కత్తి తప్ప వేరు ఆస్తిలేని గీతకార్మికునకు ఆ పట్టికలో పేరెట్లుండును? మనవారిలో అత్యధికులు మొట్టమొదట ఓటుచీటి పట్టినది 1952లో, వయోజనులందరికిని ఓటుహక్కు వచ్చిన పిదపనే. అంతకు ముందే, 1951లో, రంగాగారు కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. లచ్చన్నగారు గురువును అనుసరించిరి. 1952 ఎన్నికలలో మదరాసు శాసనసభయందు ఆ పార్టీకి 15 స్థానములు లభించినవి. సోంపేట నుండి ఎన్నికైనవారు లచ్చన్నగారు.

ఇక మనకు ముఖ్యమైన విషయమునకు వత్తము. మద్యనిషేధము మన ప్రాంతమునకు వచ్చిన విధము తెలియనిదే ఈ కథ బోధపడదు. 1937లో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము చట్టము చేసి, మొదట సేలము జిల్లాలో దాని నమలు జరిపినది. మరుసటి సంవత్సరము చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. యుద్ధకాలమున కొంత వెనుకబడి, తిరిగి కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదప 1948 నాటికి రాష్ట్రమంతటను వ్యాపించినది. త్రాగుడువలన కొంపలు కూలుచున్నవనుట అసత్యము కాదు. మేమును ఆ దురభ్యాసమును సమర్థింపము. అయితే చట్టము చేసినవారు త్రాగువానిని గూర్చి ఆలోచించినంతగా గీయువానిని గూర్చి ఆలోచింపలేదు. అంతవరకు ప్రభుత్వము చెట్టుకింతయని పన్ను గైకొని, దుకాణములను వేలము వేసి, ఖజానా నింపుకొన్నది. వేలము పాడిన కంట్రాక్టరు వేరు వ్యాపారము చూచుకొనగలడు. తరతరములుగా చెట్టెక్కుట తప్ప వేరెరుగని గీతకార్మికునకు మాత్రము ఏమి దారి?

బెల్లమునకై తీపికల్లు గీయవచ్చునని అనుమతులిచ్చిరి. కుండ లోపల సున్నము పూసి కట్టవలెను. సున్నము తగిలిన కల్లు పులియదు. మాటకిది సులభమే. సున్నము పలుచనైనను, ఎండ మిక్కుటమైనను, కుండ దించుటలో కొంత ఆలస్యమైనను కల్లు పులియును, పులిసినచో నేరము. చెట్టుమీద గీతవాడు, చెట్టుక్రింద పోలీసువాడు అన్న స్థితి యేర్పడినది. ఇదే సమయమున నిజాము రాష్ట్రపు తెలంగాణమున నిషేధము లేదు. అచ్చటి మన సోదరులు కంట్రాక్టరుల పీడనమున నలిగిరే కాని, వృత్తి నేరము కాలేదు. ఒకే వృత్తి యొక సరిహద్దున కావల అనుమతింపబడినది, ఈవల దండనార్హమైనది.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మవతరించినది. ప్రకాశము పంతులుగారు ముఖ్యమంత్రి. లచ్చన్నగారు ఆ మంత్రివర్గమున చేరిరి. గీతకార్మికుని బిడ్డ మంత్రియైనందుకు మనవారు ఊరూర పండుగ చేసికొనదగిన కాలమది. మద్యనిషేధమును విచారించుటకు విశ్రాంత ఐ.సి.యస్. అధికారి యస్.వి. రామమూర్తిగారి యాధ్వర్యమున ఒక సంఘము నియమింపబడినది. నిషేధమును తొలగింపవలసినదని ఆ సంఘము సిఫార్సు చేసినది. ప్రభుత్వము దానిని అమలు జరుపలేదు. గాంధీమహాత్ముని పేరుతో వచ్చిన చట్టమును ఎత్తివేయుటకు కాంగ్రెసువారికి చేతులాడలేదు. గీతకార్మికులు సత్యాగ్రహమునకు దిగిరి. లచ్చన్నగారు మంత్రిపదవిని విడిచి వారికి నాయకత్వము వహించిరి.

ఈ సంగతిని మన పాఠకులు కొంచెము నిలిచి ఆలోచింపవలెనని మా కోరిక. మంత్రివర్గములోనే యుండి మెల్లగా పని చక్కబెట్టవచ్చునని చెప్పువారు ఏ కాలమునను ఉందురు. ఆ మాటలో కొంత బుద్ధి లేకపోలేదు కూడ. అయినను తనవారిని పట్టుకొను పోలీసులు ఏ ప్రభుత్వమునకు చెందినవారో, ఆ ప్రభుత్వములోనే కూర్చుండుట ఆయనకు పొసగలేదు.

1954 నవంబరు 6న కర్నూలు శాసనసభలో అవిశ్వాసతీర్మానము ఓటునకు వచ్చినది. కమ్యూనిస్టులును, కృషికార్ లోక్ పార్టీవారును తీర్మానము వైపున ఉండిరి. అనుకూలముగా 69, ప్రతికూలముగా 68. ఒక్క యోటుతో ప్రకాశముగారి ప్రభుత్వము పడిపోయినది. ఎనుబది రెండేండ్ల ఆంధ్రకేసరి పదవి ముగిసినది ఆ దినముననే. దేశమంతట గౌరవింపబడు ఆ వృద్ధసింహమును గద్దె దింపుటలో గీతవృత్తివారి ఆకలి ఒక కారణమగుట మనకు గర్వింపదగినదా, చింతింపదగినదా యని కొందరడుగుదురు. రెండును కూడ నని మా సమాధానము. ప్రకాశముగారి త్యాగమును తక్కువచేయువారము మేము కాము. అయినను దేశమునకై సర్వస్వము నర్పించినవారి ప్రభుత్వము సైతము బీదవాని పొట్టను మరచినచో శాసనసభలో ఒక్క యోటుతో జవాబు చెప్పవలసివచ్చినది.

ఆ విజయముతో నిషేధము పోయినదని మనవారిలో కొందరు చెప్పుకొనుచుందురు. అది సరికాదు. పోయినది ప్రభుత్వమే. రాష్ట్రపతి పాలన వచ్చినది; చట్టము యథాతథముగా నిలిచినది. 1956లో తెలంగాణము కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఒకే రాష్ట్రమున రెండు విధములైన శాసనములుండెను: ఆంధ్రజిల్లాలలో నిషేధము, తెలంగాణమున ఆబ్కారీ వేలము. ఒక్క యోటుతో మంత్రివర్గమును కూల్చవచ్చును గాని, చట్టమును మార్చుటకు ఎక్కువ యోట్లు కావలెను.

1955 ఎన్నికలలో కమ్యూనిస్టుల నెదుర్చుటకై కాంగ్రెసు, ప్రజా పార్టీ, కృషికార్ లోక్ పార్టీ కలిసి నిలిచినవి. నాలుగు నెలల క్రిందట ఎవరితో కలిసి ప్రభుత్వమును కూల్చిరో వారికే ఎదురుగా నిలువవలసివచ్చినది! రాజకీయములలో ఇట్టివి వింతలు కావు. కృషికార్ లోక్ పార్టీకి 22 స్థానములు వచ్చినవి. బెజవాడ గోపాలరెడ్డిగారి మంత్రివర్గమున లచ్చన్నగారు మరల మంత్రి యైరి.

అంతకంటె పెద్ద వింత 1959లో జరిగినది. స్వతంత్ర పార్టీ పుట్టినది. దానిని నెలకొల్పిన ప్రముఖులలో రాజాజీ యొకరు. దాని మొదటి యధ్యక్షులు రంగాగారు. సేలములో మద్యనిషేధమునకు ఆద్యుడైన రాజాజీయును, ఆ నిషేధమును ప్రతిఘటించి మంత్రిపదవిని వదలిన లచ్చన్నగారును ఒకే జెండా క్రింద నిలిచిరి! వారిని కలిపినది కల్లు కాదు, భూమి. సామూహిక వ్యవసాయము వచ్చునేమోయన్న రైతుల భయము వారి నొకచోట చేర్చినది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆ పార్టీకి 1962లో 19, 1967లో 29 స్థానములు లభించినవి. కాంగ్రెసు ఏకచ్ఛత్రముగా నేలిన ఆ కాలమున ఇది అల్పమైన సంఖ్య కాదు.

1967లో లచ్చన్నగారు శ్రీకాకుళము నుండి లోక్‌సభకు ఎన్నికైరి. ఆ స్థానమును గురువుగారికొరకు ఖాళీ చేయగా, ఉపయెన్నికలో రంగాగారు అచ్చటినుండి గెలిచి లోక్‌సభకు వెళ్ళిరి. రంగాగారిది గుంటూరు జిల్లా. శ్రీకాకుళమున ఆయనకు బంధువులు లేరు, కులము వారును లేరు. ఉన్నది శిష్యుని మాట. ఆ మాటను మన్నించి ఓటు వేసిన సామాన్యుల యెడ మా గౌరవము మరింత యధికము.

1978 ఎన్నికలలో జనతాపార్టీకి రాష్ట్రమున 60 స్థానములు వచ్చినవి. సోంపేట నుండి గెలిచిన లచ్చన్నగారు శాసనసభలో ప్రతిపక్షనాయకులైరి. అప్పటికి వారి వయస్సు అరువది తొమ్మిదవయేట నున్నది. 1983తో వారి శాసనసభా జీవితము ముగిసినది. 2006 ఏప్రిల్ 19న వారు పరమపదించిరి.

సోంపేట ప్రజలు ఆ కుటుంబమును విడువలేదు. కుమారులు శ్రీ గౌతు శ్యామసుందర శివాజీగారిని 1985 మొదలు 2004 వరకు వరుసగా ఐదు పర్యాయములు ఎన్నుకొనిరి. తరువాత నియోజకవర్గముల పునర్విభజనలో సోంపేట శాసనసభాస్థానము రద్దయినది. 2009 నుండి ఆ పేరుతో ఎన్నిక జరుగలేదు. క్రొత్తగా నేర్పడిన పలాస స్థానమునుండి శివాజీగారు 2014లోను, వారి కుమార్తె శిరీషగారు 2024లోను గెలిచిరి. లచ్చన్నగారి స్వగ్రామమైన బారువ ఇప్పుడు ఇచ్ఛాపురము నియోజకవర్గములో నున్నది.