కాలువగట్టున కాలినడక

నడచువానికిని సైకిలువానికిని గల తగవు పెద్ద పట్టణముల కాలిబాటలదే యని తలంతుము. మన కృష్ణా డెల్టా పల్లెలలో ఆ కాలిబాట పని కాలువగట్లు చేసినవి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు పైరులకే గాక పడవలకును ఆధారమైనవి. గాలి అనుకూలింపనపుడు పడవవాండ్రు గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. తొలుత గట్టు నడచువారిదే యన్నమాట.

సైకిలు తరువాత వచ్చినది. 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్స్ సంస్థ నెలకొన్న పిదప దక్షిణ దేశముననే బండ్లు తయారు కాజొచ్చినవి. గడ్డిమోపు నెత్తిన పెట్టుకొన్న స్త్రీ వెనుక గంట మ్రోగినంతనే తొలగలేదు. ఒక ప్రక్క కాలువ, రెండవ ప్రక్క వరిచేను. అట్లని సైకిలువానినే తప్పుపట్టుట న్యాయము గాదు. పామర్రులో బెజవాడ–బందరు రహదారిని గుడివాడ దారి కలియుచోట, బస్సుల లారీల నడుమ, అతనికి మాత్రము చోటెక్కడిది?

ఇంగ్లండులో 1835 నాటి హైవే చట్టము కాలిబాటపై బండి తోలుటను నిషేధించెను; 1888లో సైకిలు కూడ బండియే యని శాసనము తేల్చెను. మన 1988 నాటి మోటారు వాహనముల చట్టపు నిర్వచనములోనికి కాలితో త్రొక్కు సైకిలు రాదు. గట్టుమీది తగవును గంటతోను, గద్దింపుతోను ఉభయులే తీర్చుకొనుచున్నారు.