కావలి గీటు
ఫ్రెంచి అచ్చులపై నిలిచే వాలుగీటుకు 1967 నాటి ఆస్కీ పట్టికలో స్వతంత్ర స్థానం దక్కింది. టైపు మరను ఒక అడుగు వెనక్కి జరిపి అక్షరంపై దానిని ముద్రించాలన్నది నాటి ఊహ. తెరలపై ఆ పని సాగలేదు. ఆ గీటునే, బ్యాక్‌టిక్ పేరిట, 2004లో జాన్ గ్రూబర్ సాదా పాఠానికి రూపమిచ్చే తన మార్క్‌డౌన్‌లో వాక్యమధ్యపు కోడ్‌కు కావలి నిలిపారు. దాని లోపల నక్షత్రపు గుర్తు నక్షత్రమే. పదాన్ని ఏటవాలు చేయదు. (సూత్రంలోని శబ్దం అర్థాన్ని కాక స్వరూపాన్నే తెలుపుతుందన్న పాణిని స్మరణకు రాకమానడు!) కోడ్‌లో ఒక్క గుర్తు లోపించినా ఆజ్ఞయే మారిపోతుంది కదా.

మరి కోడ్‌లోనే బ్యాక్‌టిక్ ఉంటే? బ్యాక్‌స్లాష్ ఇక్కడ రక్షించదు. అదీ అక్షరంగానే మిగులుతుంది. అందుచేత ఇరువైపులా రెండేసి గీటులు పెట్టాలి. లోపల జంటగా ఉంటే మూడేసి. తెరచిన సంఖ్యతోనే మూయాలన్న ఈ నియమాన్ని 2014లో వెలువడిన కామన్‌మార్క్ నిర్దేశం విస్పష్టంగా లిఖించింది.