పచ్చదనం కోసం రాగి నాణెం

గోంగూర పొయ్యెక్కగానే ముదురు రంగు ముద్దయిపోతుంది. అందుకు మనమెవరమూ నొచ్చుకోం. పంతొమ్మిదో శతాబ్దపు లండన్ వాసులు మాత్రం, వినెగర్‌లో నెలల తరబడి ఊరిన దోసకాయ కూడా తీగ మీద ఉన్నంత పచ్చగా ఉండాలనేవారు.

అది జరిగే పని కాదు. ఆకుపచ్చకు మూలమైన క్లోరోఫిల్ అణువు నడిమధ్య మెగ్నీషియం ఉంటుంది. పులుపు తగిలితే అది ఊడిపోయి రంగు గోధుమలోకి దిగుతుంది. ఆ ఖాళీలో రాగి చేరిందా, ఇక పులుపూ వేడీ దాన్ని అంత తేలిగ్గా కదిలించలేవు. ఈ రసాయనం తెలియకుండానే వంటవాళ్ళు కిటుకు పట్టేశారు. ఊరగాయను రాగి అర్ధపెన్నీ నాణేలతో కలిపి ఉడకబెట్టమనీ, లేదా ఇత్తడి పాత్రలో ఒక రోజు ఉంచమనీ వంటల పుస్తకాలే చెప్పేవి. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచనివ్వని మన నాయనమ్మలు వింటే గుండెలు బాదుకునేవారు.

లండన్‌లో స్థిరపడిన జర్మన్ రసాయనవేత్త ఫ్రెడరిక్ అక్కుమ్ 1820లో ఆహార కల్తీపై రాసిన పుస్తకంలో ఈ సలహాలను ఎండగట్టాడు. కల్తీదారుల పేర్లూ అచ్చేశాడు. కొద్దికాలానికే ఆయన ఇంగ్లండ్ వదలాల్సి వచ్చింది. కారణం కల్తీ కాదు, రాయల్ ఇన్‌స్టిట్యూషన్ గ్రంథాలయ పుస్తకాల్లో కాగితాలు చింపాడన్న ఆరోపణ!

మిఠాయిల సంగతి మరీ ఘోరం. స్వీడన్ రసాయనవేత్త షీలే 1770ల్లో తయారుచేసిన పచ్చరంగులో రాగితోపాటు ఆర్సెనిక్ ఉంది. గోడ కాగితాలకు పూసింది చాలక పిల్లల మిఠాయిలకూ పులిమారు.

1850ల్లో వైద్యుడు ఆర్థర్ హిల్ హాసల్ దుకాణాల సరుకు పరీక్షించి, అమ్మినవారి పేర్లు, చిరునామాలతో సహా ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించాడు. పేరున్న ఊరగాయల్లోనూ రాగి తేలింది. 1855లో పార్లమెంటు కమిటీ ముందు ఊరగాయల కంపెనీ క్రాస్ అండ్ బ్లాక్‌వెల్ యజమాని, రాగి వాడిన మాట నిజమేననీ, మానేశాక గోధుమరంగు ఊరగాయలు చూసి కొనేవాళ్ళు మొహం చిట్లించారనీ చెప్పాడు. వ్యాపారి సాకే కావచ్చు గాని, నా మటుకు ఈ కేసులో మొదటి ముద్దాయి కొనేవాడి కన్నే. బ్రిటన్‌లో కల్తీ నిరోధక చట్టం 1860లో వచ్చింది.

రాగి మాత్రం వంటింటిని వదల్లేదు. ఈ141 పేరుతో ఐరోపాలో అనుమతి ఉన్న రంగు రాగి చేర్చిన క్లోరోఫిలే. పాత కిటుకే, తూచిన మోతాదులో. మన బజార్లో భయం వేరు: బెండకాయలకూ పచ్చిమిర్చికీ పట్టించే మలకైట్ గ్రీన్ అనే రంగు. లిక్విడ్ పారాఫిన్‌లో ముంచిన దూదితో కాయను రుద్దితే, దూది పచ్చబడిందంటే రంగు వేసినట్టే.