బడిపిల్లల లిఖిత పత్రిక – ఒక చిన్న చరిత్ర

శింగనమల అనగానే ఎవరికైనా పెద్ద చెరువు జ్ఞాపకం వస్తుంది. చెరువు నిండిన ఏడు ఊరికి పండుగ, నిండని ఏడు వలస. ఇటువంటి కరువు సీమలో పత్రికల మాట ఏమిటని కొందరు అడగవచ్చు. ఈ మండలంలోని తరిమెలలోనే 1915లో విద్వాన్ విశ్వం గారు పుట్టారు. పప్పూరు రామాచార్యుల వారు అనంతపురంలో 1926లో స్థాపించిన 'శ్రీ సాధన పత్రిక'లో ఆయన పనిచేశారు. తరువాత, 1952లో మొదలైన ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకులయ్యారు. కాబట్టి మన నేలకు పత్రిక కొత్త కాదు.

అయితే బడిపిల్లలకు అచ్చు అందేది కాదు. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కలిపి ఎన్నో సీసపు అక్షరాలు కావాలి, కూర్పు ఖర్చు ఎక్కువ. అందుకే లిఖిత పత్రిక పుట్టింది. ఒక దస్తా తెల్లకాగితం కొనేవారు. దస్తూరీ బాగున్న పిల్లవాడు శుద్ధప్రతి రాసేవాడు, ఇంకొకడు అట్టమీద బొమ్మ వేసేవాడు, తెలుగు అయ్యవారు తప్పులు దిద్దేవారు. దబ్బనంతో కుట్టేస్తే పత్రిక సిద్ధం. ఉన్నది ఒకే ప్రతి, బడి అంతా చేతులు మార్చుకుని చదివేది.

చేతిరాతను చిన్నచూపు చూడనక్కరలేదు. మన జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఆ మద్రాసు నగరంలో 1927లో సయ్యద్ అజ్మతుల్లా గారు ప్రారంభించిన 'ది ముసల్మాన్' ఉర్దూ దినపత్రికను కాతిబులు కలంతో రాసేవారు, ఆ రాతనే అచ్చు వేసేవారు. నస్తాలీఖ్ లిపిని సీసంలో పోయడం కష్టం మరి!

లండన్‌లో డేవిడ్ గెస్టెట్నర్ 1881లో సైక్లోస్టైల్ పద్ధతి కనిపెట్టారు. మైనపు కాగితం మీద మొనగల కలంతో రాస్తే, ఆ గీతల్లోంచి సిరా దిగి కింది కాగితం మీద పడుతుంది. ఈ పద్ధతి వచ్చాక ఒక ప్రతి వంద ప్రతులయింది. ఫ్రాన్సులో సెలెస్టిన్ ఫ్రెనే అనే పల్లెటూరి పంతులుగారు 1924లో బడిలోకే చిన్న అచ్చుయంత్రం తెచ్చారు. పిల్లలు తాము చూసినది తామే రాసి, తామే అచ్చువేసి, దూరపు బడికి పంపేవారు. వారి రాతలే వారికి పాఠాలయ్యాయి.

మన పిల్లలకూ రాయడానికి సంగతులు తక్కువా? చెరువులో నీళ్ళెంత, వేరుశనగ ఏమయింది, నానీ చెప్పిన కథ ఏది – ఇవన్నీ వార్తలే. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే పిల్లవాడు చేతితో రాసే పత్రికలో ఒక పుట అటు, ఒక పుట ఇటు రాసుకోవచ్చు. అందుకు వేరే అచ్చు అక్కరలేదు.

మాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. వానలు లేని ఏట అమ్మానాన్నలతో బెంగుళూరు పోయిన పిల్లవాడి పేరు హాజరుపట్టీలో కొట్టివేస్తారు. పత్రికలో మాత్రం ఆ పేరు, ఆ దస్తూరీ నిలిచి ఉంటాయి. కాని ఆ పత్రికలనే మనం చిత్తుకాగితాల కింద అమ్మేశాం. సభ్యులందరికీ మా విన్నపం ఒక్కటే. పాత పెట్టెల్లో అటువంటి ప్రతి ఒక్కటి దొరికినా పారవేయవద్దు. ఈ ఏడు మీ పిల్లలు ఒకటి రాస్తామంటే, ఒక దస్తా కాగితం కొనివ్వండి.